ఆసుపత్రి బిల్లుకు జల్లెడ

హోటలుకు వెళ్ళి భోజనం టికెట్టు కొన్నారనుకోండి. అన్నం, పప్పు, కూర, సాంబారు, పెరుగు, అప్పడం అన్నీ ఆ టికెట్టులోనే వస్తాయి. తిని, చేయి కడుక్కుని వచ్చేసరికి గల్లాపెట్టె దగ్గరి ఆయన "భోజనం ఒకటి, పప్పు ఒకటి, సాంబారు ఒకటి, పెరుగు ఒకటి" అంటూ నాలుగు పద్దులు రాసి డబ్బు అడిగితే మీరు ఊరుకుంటారా? "అయ్యా, అవన్నీ భోజనంలోనివే కదా!" అని నిలదీస్తారు. మీరు అదనంగా ఒక ఆమ్లెట్టు తెప్పించుకుని ఉంటే మాత్రం దానికి వేరే డబ్బు వేయడం న్యాయమే.

హోటలు బిల్లులో ఏది దేనిలో భాగమో మనకు తెలుసు కాబట్టి ఇంత ధైర్యంగా అడగగలిగాం. ఆసుపత్రి బిల్లు సంగతి వేరు. ఏ చికిత్సలో ఏది కలిసి ఉంటుందో రోగికి తెలియదు. బీమా ఉంటే ఆ డబ్బు ఇచ్చేది రోగి కూడా కాదు, ఎక్కడో దూరాన ఉన్న బీమా సంస్థ. ఆ సంస్థ రోగిని చూడలేదు, ఆపరేషను చూడలేదు. దానికి చేరేది కొన్ని అంకెలు మాత్రమే. ఆ అంకెలను చూసి, "ఈ బిల్లులో పప్పుకు వేరే డబ్బు వేశారు" అని కనిపెట్టడం ఎలా? అమెరికాలో ఇందుకోసం ఒక జల్లెడను తయారుచేశారు. అది ఎలా పనిచేస్తుందో చూద్దాం.

బాతు కరిచినా ఒక అంకె

అమెరికాలో 65 ఏళ్ళు నిండినవారికి ప్రభుత్వమే నడిపే ఆరోగ్య బీమా పథకం ఒకటి ఉన్నది. దాని పేరు మెడికేర్. 1965 జూలై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దాని చట్టంపై సంతకం చేశాడు. 1972లో చేసిన సవరణతో దీర్ఘకాల వైకల్యం ఉన్నవారిని, మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయినవారిని కూడా ఇందులో చేర్చుకున్నారు. ఇప్పుడు ఆరున్నర కోట్లకు పైగా జనం ఈ పథకంలో ఉన్నారు. పనిచేసేవారి జీతాల నుంచి పట్టుకునే పన్ను, సభ్యులు కట్టే రుసుము, ప్రభుత్వ ఖజానా – ముఖ్యంగా ఈ మూడు కాలువల నుంచి దానికి డబ్బు వస్తుంది. అంటే అది అందరి ఉమ్మడి సొమ్ము.

ఇంతమంది రోగాలను, చికిత్సలను మాటల్లో రాస్తే కంప్యూటరు పోల్చి చూడలేదు. ఒక డాక్టరు రాసినట్లు మరొక డాక్టరు రాయడు. అందుకని ప్రతిదానికీ ఒక సంకేతం పెట్టారు. ఇందులో రెండు రకాలున్నాయి.

మొదటిది రోగానికి పెట్టిన సంకేతం. దీనికి పెద్ద చరిత్రే ఉన్నది. 1893లో జాక్వెస్ బెర్టిలాన్ అనే ఫ్రెంచి గణాంక శాస్త్రవేత్త మరణ కారణాలకు ఒక జాబితా రూపొందించాడు. దేశదేశాలలో జనం ఏ కారణాలతో చనిపోతున్నారో పోల్చి చూడటానికి అది ఉపయోగపడింది. అదే పెరిగి పెరిగి నేటి అంతర్జాతీయ రోగ వర్గీకరణ అయింది. అమెరికా ఆసుపత్రులు 2015 అక్టోబరు 1 నుంచి దాని పదవ కూర్పును వాడుతున్నాయి. అందులో అపెండిక్స్ వాపుకు కె35 అని సంకేతం. కుక్క కరిస్తే డబ్ల్యు54.0. బాతు కరిచినా వదలలేదు! దానికి డబ్ల్యు61.61 కేటాయించారు.

రెండవది డాక్టరు చేసిన పనికి పెట్టిన సంకేతం. దీన్ని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో మొదటిసారి ప్రచురించింది. మొదట నాలుగు అంకెలు ఉండేవి, 1970 కూర్పుతో అయిదు అంకెలయ్యాయి. అపెండిక్స్‌ను పొట్ట కోసి తీస్తే 44950, చిన్న రంధ్రం గుండా గొట్టపు కెమెరా పంపి తీస్తే 44970. ఇలాంటి సంకేతాలు నేడు పది వేలకు పైగా ఉన్నాయి. రోగ సంకేతం "ఎందుకు చేశారు" అనే ప్రశ్నకు జవాబు. పని సంకేతం "ఏమి చేశారు" అనే ప్రశ్నకు జవాబు. డబ్బు లెక్క కట్టేది ముఖ్యంగా ఈ రెండవదాన్ని బట్టే.

మనుషుల వల్ల అయ్యే పని కాదు

మెడికేర్‌కు ఏటా వంద కోట్లకు పైగా బిల్లులు వస్తాయి. ఒక మనిషి నిమిషానికి ఒక బిల్లు చొప్పున, రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి 300 రోజులు చదివినా లక్షా 44 వేల బిల్లులు మాత్రమే చూడగలడు. ఆ లెక్కన వంద కోట్ల బిల్లులు చూడటానికి దాదాపు 7,000 మంది కూర్చోవాలి. అలా కూర్చున్నా, పది వేల సంకేతాలలో ఏది దేనిలో భాగమో ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

1995లో అమెరికా పార్లమెంటు కింద పనిచేసే లెక్కల తనిఖీ కార్యాలయం ఒక నివేదిక ఇచ్చింది. బిల్లుల్లోని సంకేతాలను తనిఖీ చేసే కంప్యూటరు పద్ధతులను ప్రైవేటు బీమా సంస్థలు అప్పటికే వాడుతున్నాయనీ, మెడికేర్ కూడా వాడితే ఎంతో డబ్బు మిగులుతుందనీ దాని సారాంశం. 1996 జనవరి 1న మెడికేర్ తన సొంత తనిఖీలను మొదలుపెట్టింది. దాని పేరు నేషనల్ కరెక్ట్ కోడింగ్ ఇనీషియేటివ్. సరైన సంకేతాలు వాడించే జాతీయ ప్రయత్నం అని చెప్పుకోవచ్చు. ఇందులోని ఒక్కొక్క తనిఖీ సూత్రాన్ని అక్కడివారు 'ఎడిట్' అంటారు.

మొదటి జల్లెడ: జంటలు

మొదటి రకం ఎడిట్ రెండేసి సంకేతాలను జంటగా చూస్తుంది. "ఒకే రోగికి, ఒకే డాక్టరు, ఒకే రోజున ఈ రెండు పనులకూ విడివిడిగా డబ్బు తీసుకోవచ్చునా?" అన్నదే దాని ప్రశ్న. తీసుకోకూడని జంటలన్నిటినీ రెండు గడుల పట్టికగా రాసిపెట్టారు. బిల్లులో ఆ జంట కనిపిస్తే మొదటి గడిలోని పనికి డబ్బు ఇస్తారు, రెండవ గడిలోని పనికి ఇవ్వరు.

ఆ జంటలు ఎలాంటివో చూడండి.

ఒకటి: భాగం, మొత్తం. దర్జీ చొక్కా కుట్టి "కుట్టుకూలి ఇంత, గుండీలు కుట్టినందుకు ఇంత, కాజాలు తీసినందుకు ఇంత" అనడు కదా! అలాగే పొట్ట కోసి అపెండిక్స్ తీసిన డాక్టరు, పొట్టలోపల చూసినందుకు వేరే, కోసిన చోట కుట్లు వేసినందుకు వేరే డబ్బు అడగకూడదు. లోపలికి చూడకుండా ఆపరేషను చేయలేరు, కుట్లు వేయకుండా ముగించలేరు. విరిగిన ఎముకను సరిచేసినప్పుడు వేసిన మొదటి పిండికట్టు కూడా ఇంతే, ఎముకను సరిచేసిన పనిలో అది భాగం.

రెండు: కట్టగా ఉన్నదాన్ని విప్పి అమ్మడం. 80048 అనే సంకేతం కింద ఎనిమిది రక్తపరీక్షలు ఒక కట్టగా ఉన్నాయి: గ్లూకోజ్, సోడియం, పొటాషియం, క్లోరైడ్, కార్బన్ డయాక్సైడ్, కాల్షియం, క్రియాటినిన్, యూరియా నైట్రోజన్. ఈ ఎనిమిదీ చేసినప్పుడు కట్ట సంకేతమే రాయాలి. గ్లూకోజుకు ఒక పద్దు, సోడియానికి ఒక పద్దు అంటూ విప్పి రాయకూడదు.

మూడు: రెండూ జరగడానికి వీలులేనివి. ఒకే అవయవాన్ని ఒకేసారి రెండు దారుల్లో బాగుచేశామంటే అర్థం లేదు. కెమెరా గొట్టంతో మొదలుపెట్టిన ఆపరేషను కుదరక, చివరికి పొట్ట కోసి పూర్తి చేశారనుకోండి. అప్పుడు పూర్తయిన దానినే, అంటే పొట్ట కోసి చేసిన ఆపరేషనునే రాయాలి.

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం. పది వేల సంకేతాల నుంచి ఎన్ని జంటలు తీయవచ్చు? 10,000ను 9,999తో గుణించి, 2తో భాగించండి. 4,99,95,000 వస్తుంది. దాదాపు అయిదు కోట్లు! వీటిలో చాలావాటికి ఒకదానితో ఒకటికి సంబంధమే లేదు. చెవికి చేసిన పని, మోకాలికి చేసిన పని ఒకే రోజున జరిగితే తప్పేమున్నది? డబ్బు రెండుసార్లు పోయే ప్రమాదం ఉన్న జంటలనే వైద్యశాస్త్రాన్ని బట్టి ఏరి పెట్టారు. అవి కూడా లక్షల సంఖ్యలో ఉన్నాయి.

మరి లక్షల జంటల్లో ఒకదాన్ని వెతకడానికి ఎంతసేపు పడుతుంది? మీరు నిఘంటువులో మాట వెతికే పద్ధతి గుర్తుచేసుకోండి. మధ్యకు తెరుస్తారు. మీ మాట ముందుందో వెనక ఉందో చూసి, ఆ సగాన్ని మళ్ళీ మధ్యకు తెరుస్తారు. అంకెల వరుసలో పేర్చిన పట్టికను కూడా ఇలాగే వెతకవచ్చు. ఒక్కొక్క చూపుతో సగం తగ్గిపోతుంది. 2ను ఇరవైసార్లు వేసి గుణిస్తే 10,48,576 అవుతుంది. కాబట్టి పది లక్షల జంటల పట్టికలో ఏ జంటనైనా ఇరవై చూపుల్లో తేల్చవచ్చు. బిల్లులో ఆరు పద్దులుంటే వాటిలోని జంటలు పదిహేను. కంప్యూటరుకు ఇది కనురెప్ప వేసే లోపల పూర్తయ్యే పని.

తాళంచెవి 59

ఇప్పుడొక చిక్కు చూడండి. ఒక రోగికి కుడిచేతి మీది మచ్చను డాక్టరు కోసి తీసేశాడు. అదే రోజున చెంప మీది మరొక మచ్చ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఒకే మచ్చకు ఈ రెండూ చేసి ఉంటే ముక్క తీయడం పెద్ద పనిలో భాగమే అయ్యేది. ఇక్కడ మచ్చలు రెండు. రెండింటికీ డబ్బు ఇవ్వడమే న్యాయం. కాని కంప్యూటరుకు కనిపించేవి అయిదేసి అంకెలే. గుడ్డిగా ఆపేస్తే నిజంగా పనిచేసిన డాక్టరుకు అన్యాయం జరుగుతుంది.

అందుకే పట్టికలో ప్రతి జంట పక్కన మరొక అంకె ఉంటుంది. అక్కడ 0 ఉంటే ఎలాంటి మినహాయింపూ లేదు. 1 ఉంటే తగిన కారణం చూపి తలుపు తెరిపించుకోవచ్చు. ఆ కారణాన్ని కూడా రెండక్షరాల గుర్తుతోనే రాస్తారు. ఎడమచేతి బొటనవేలు ఎఫ్ఏ. దాని పక్క వేళ్ళు వరుసగా ఎఫ్1 నుంచి ఎఫ్4. కుడిచేతి బొటనవేలు ఎఫ్5, కుడిచేతి చిటికెనవేలు ఎఫ్9. కాలివేళ్ళకు, కనురెప్పలకు కూడా ఇలాగే వేర్వేరు గుర్తులున్నాయి. వీటిలో ఏదీ సరిపోనప్పుడు "ఇది వేరే పని" అని చెప్పడానికి 59 అనే గుర్తు వేస్తారు.

ఏ తలుపుకైనా తాళంచెవి ఉంటే, అవసరం లేనివారు కూడా తిప్పి చూస్తారు. 59 విషయంలో అదే జరిగింది. 2005లో ప్రభుత్వ తనిఖీ అధికారులు 2003 నాటి బిల్లులను పరిశీలించారు. 59 వేసి తలుపు తీయించుకున్న జంటల్లో నూటికి 40 నియమాలకు సరిపోలేదని తేలింది. అలా చెల్లించకూడనివి చెల్లించిన సొమ్ము 5 కోట్ల 90 లక్షల డాలర్లు. ఆ తర్వాత 2015 జనవరిలో 59కి తోడుగా నాలుగు కొత్త గుర్తులు తెచ్చారు. రోగి వేరే సమయంలో మళ్ళీ వచ్చాడా, పని వేరే అవయవం మీద జరిగిందా, వేరే వైద్యుడు చేశాడా, మామూలుగా కలిసిపోని పనా అన్నది వీటితో స్పష్టంగా చెప్పవచ్చు. "వేరే" అంటే చాలదు, ఏ విధంగా వేరో చెప్పమని అడగడం అన్నమాట.

రెండవ జల్లెడ: హద్దులు

25 మార్కుల పరీక్షలో ఒక విద్యార్థికి 27 మార్కులు వచ్చినట్లు రిజిస్టరులో రాసి ఉన్నది. జవాబు పత్రం చూడకుండానే అది తప్పని మీరు చెప్పగలరు. ఎందుకు? 25 అనే హద్దు మీకు తెలుసు కాబట్టి.

2007 జనవరి 1న మెడికేర్ తెచ్చిన రెండవ రకం ఎడిట్ ఇలాంటిదే. ఒక రోగికి ఒక డాక్టరు ఒక రోజున ఫలానా పని ఎన్నిసార్లు చేసి ఉండవచ్చునో, దానికి ఒక గరిష్ఠ సంఖ్య నిర్ణయిస్తారు. మనిషికి అపెండిక్స్ ఒకటే. కాబట్టి దాన్ని తీసిన పద్దు ఎదుట 2 అని ఉంటే అసంభవం. ఇలా శరీర నిర్మాణాన్ని బట్టి కొన్ని హద్దులు, సంకేతం అర్థాన్ని బట్టి కొన్ని, మందు మోతాదును బట్టి కొన్ని వస్తాయి.

ఇక్కడ దొరికేవారంతా దొంగలని అనుకోకండి. ఒక మందుకు 10 మిల్లీగ్రాములు ఒక యూనిట్ అనుకుందాం. రోగికి 100 మిల్లీగ్రాములు ఇచ్చారు. బిల్లులో 10 యూనిట్లు అని రాయాలి. గుమాస్తా మిల్లీగ్రాములనే యూనిట్లనుకుని 100 రాశాడు. ఖర్చు పదింతలైంది! ఇది మీరు భౌతికశాస్త్రం లెక్కల్లో చేసే ప్రమాణాల పొరపాటు లాంటిదే. హద్దు దాటితే కంప్యూటరు హద్దు వరకు ఇచ్చి మిగతాది కొట్టివేయదు. ఆ పద్దు మొత్తాన్ని ఆపేస్తుంది. "ఇక్కడ ఏదో తేడా ఉన్నది, సరిచూసి పంపండి" అని దాని అర్థం.

ఈ రెండు జల్లెడల కన్నాలనూ మూడు నెలలకొకసారి సవరిస్తారు. కొత్త చికిత్సలు వస్తుంటాయి, పాతవి మారుతుంటాయి కదా! 2010లో చేసిన చట్టంతో పేదల కోసం రాష్ట్రాలు నడిపే మెడికెయిడ్ పథకంలో కూడా ఇలాంటి తనిఖీలను తప్పనిసరి చేశారు.

జల్లెడకు దొరకనిది

మళ్ళీ మార్కుల రిజిస్టరు దగ్గరకు వద్దాం. 25కి 27 అని ఉంటే ఎవరైనా పట్టుకుంటారు. కాని 12 వచ్చిన విద్యార్థికి 17 అని రాస్తే? 17 కూడా 25 లోపుదే. రిజిస్టరు ఎన్నిసార్లు చూసినా ఆ తప్పు కనిపించదు. జవాబు పత్రం తీసి చూడాలి.

ఎడిట్‌ల బలం, బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయి. జరగడానికి వీలులేనిదాన్ని అవి పట్టుకుంటాయి. జరగడానికి వీలున్నది నిజంగా జరిగిందా లేదా అన్నది వాటికి తెలియదు. చేయని రక్తపరీక్షకు సరైన సంకేతంతో, సరైన సంఖ్యతో బిల్లు వేస్తే అది రెండు జల్లెడల్లోంచీ జారిపోతుంది. 2024 ఆర్థిక సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం మెడికేర్ నేరుగా చెల్లించిన బిల్లుల్లో నూటికి 7.66 వంతు, అంటే 3,170 కోట్ల డాలర్లు, నియమాలకు తగని చెల్లింపులు. వీటిలో ఎక్కువ భాగం మోసం కాదు. చేసిన పనికి తగిన కాగితాలు లేకపోవడమే అసలు కారణం. నమూనాగా కొన్ని బిల్లులు తీసుకుని, వాటి వెనుక ఉన్న వైద్య రికార్డులు తెప్పించి చదివితేనే ఈ లెక్క తేలింది. ఉద్దేశపూర్వకంగా దొంగ బిల్లు వేసినవారి కోసం వేరే చట్టమున్నది. అంతర్యుద్ధకాలంలో సైన్యానికి నాసిరకం సరుకులు అమ్మినవారిని పట్టడానికి 1863లో లింకన్ కాలంలో చేసిన చట్టమే నేటి దొంగ బిల్లులకూ వర్తిస్తున్నది.

మరొక ముఖ్యమైన సంగతి. జంట తనిఖీలో ఒక పద్దు ఆగిపోతే, "బీమావారు ఇవ్వలేదు, నువ్వే కట్టు" అని ఆసుపత్రి రోగిని అడగకూడదు. అది సంకేతం రాయడంలో వచ్చిన తేడా కాని రోగి తప్పు కాదు. ఈ నియమమే లేకపోతే, ఉమ్మడి సొమ్మును కాపాడే జల్లెడ ముసలివారి జేబుకు చిల్లు పెట్టేది. డాక్టరుకు కూడా రికార్డు చూపించి మళ్ళీ పరిశీలించమని అడిగే హక్కు ఉన్నది.

ఈ అమెరికా జల్లెడ మనకు అంత దూరానిదేమీ కాదు. అక్కడి ఆసుపత్రుల రికార్డులు చదివి సంకేతాలు వేసే పని మన దేశంలో కూడా జరుగుతున్నది. హైదరాబాదులో వేలమంది తెలుగు యువతీయువకులు ఈ ఉద్యోగాలు చేస్తున్నారు. అమీర్‌పేట వీధుల్లో 'మెడికల్ కోడింగ్' అన్న బోర్డులు మీరు చూసే ఉంటారు. జీవశాస్త్రం చదివినవారికి అందులో మంచి అవకాశముంటుంది. అపెండిక్స్ ఎక్కడుంటుందో తెలియనివారు 44950 ఎప్పుడు రాయాలో ఎలా చెప్పగలరు?

మీరే తనిఖీ చేయండి

కింది బిల్లులన్నీ ఒకే రోగికి, ఒకే రోజున వేసినవి. కంప్యూటరు ఏమి చేస్తుందో ఆలోచించి, తర్వాత జవాబులు చూడండి.

1. పొట్ట కోసి అపెండిక్స్ తీసిన పద్దు, అదే ఆపరేషనులో పొట్టలోపల పరిశీలించిన పద్దు.
2. విరిగిన కుడి మణికట్టు ఎముకను సరిచేసిన పద్దు, బెణికిన ఎడమ చీలమండకు పట్టీ వేసిన పద్దు.
3. అపెండిక్స్ తీసిన పద్దు ఎదుట సంఖ్య 11.
4. మొత్తం కొలెస్టరాల్, హెచ్.డి.ఎల్., ట్రైగ్లిజరైడ్లు – మూడు పరీక్షలకు మూడు పద్దులు.
5. ఒక గ్లూకోజ్ పరీక్ష పద్దు. అన్ని అంకెలూ సరిగ్గా ఉన్నాయి. కాని ఆ రోజు రోగి నుంచి రక్తమే తీయలేదు.

జవాబులు: (1) మొదటి పద్దుకే డబ్బు, పరిశీలన అందులో భాగం. (2) చోట్లు వేరు కాబట్టి తగిన గుర్తు వేస్తే రెండింటికీ డబ్బు. (3) ఆపేస్తుంది. బహుశా 1 మీట రెండుసార్లు నొక్కారు. (4) ఈ మూడింటికీ 80061 అనే కట్ట సంకేతం ఉన్నది, అదే రాయాలి. (5) కంప్యూటరు దాటనిస్తుంది. అయితే మెడికేర్ తన సభ్యులకు, వారి పేరున ఏయే పనులకు డబ్బు చెల్లించిందో ఒక జాబితా పంపుతుంది. కళ్ళజోడు పెట్టుకుని దాన్ని ఓపిగ్గా చదివిన ఒక అవ్వ "ఆ రోజు నాకెవరూ సూది గుచ్చలేదే!" అని ఫోను చేస్తే, ఆ తప్పు దొరుకుతుంది.